ఒక్క ఉష్ణోగ్రతను చివరిదాకా: ఎపిక్స్‌తో నియంత్రణ వ్యవస్థ కట్టే క్రమం

కంట్రోల్ రూము తెర మీద ఒక అయస్కాంతపు శీతలీకరణ నీటి ఉష్ణోగ్రత 24.6 డిగ్రీలని కనిపిస్తోంది. అంకె పచ్చగా, నిమ్మళంగా ఉంది. సెన్సరు తీగ మాత్రం రెండు గంటల క్రితమే ఊడిపోయింది. పెద్ద యంత్రాల దగ్గర పనిచేసినవారెవరైనా ఇలాంటి పచ్చ అంకె చేతిలో ఒక్కసారైనా మోసపోయి ఉంటారు. అంకెను తెర మీదికి తేవడం ఒక పూట పని. నమ్మదగనిదైన క్షణంలో ఆ మాట అంకె తానే చెప్పుకునేటట్టు చేయడంలోనే అసలు శ్రమంతా ఉంది.

యాక్సిలరేటర్లు, సింక్రోట్రాన్లు, ఫ్యూజన్ యంత్రాలు, పెద్ద టెలిస్కోపులు వందలాది కంప్యూటర్లు, లక్షలాది కొలతలతో నడుస్తాయి. కొత్తగా వచ్చిన బృందాలు సాధారణంగా పొర తరువాత పొర కట్టుకుంటూ పోతాయి: ముందు అన్ని డ్రైవర్లు, తరువాత అన్ని తెరలు, తీరిక దొరికితే ఆర్కైవు, చివర్లో అలారాలు. నేను చెప్పే దారి వేరు. ఒకే ఒక్క కొలతను తీసుకుని సెన్సరు నుంచి ఆర్కైవు దాకా పూర్తిగా నడిపించండి. ఆ తరువాతే రెండోదాని జోలికి వెళ్లండి.

కమాండ్ల పేర్లను, ఫీల్డుల (అంటే అమరికలు నింపే గళ్ల) పేర్లను ఇక్కడ పలికే తీరులో తెలుగులోనే రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు రోమన్ లిపిలో చేయాలి. ఫీల్డుల పేర్లు పెద్ద అక్షరాల్లో ఉంటాయి.

ఎపిక్సా, టాంగోనా?

ఇలాంటి నియంత్రణ వ్యవస్థలు కట్టే సాఫ్ట్‌వేర్లకు ఓపెన్ సోర్స్‌లో ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఎపిక్స్ 1980ల చివర్లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో మొలకెత్తి, ఆర్గాన్ ప్రయోగశాలతో కలిసి పెరిగింది. ఇప్పుడు ఐటర్ ఫ్యూజన్ ప్రాజెక్టు, బ్రిటన్‌లోని డైమండ్ సింక్రోట్రాన్, గురుత్వ తరంగాలను పట్టే లైగో, జెమిని టెలిస్కోపులు దీన్ని వాడుతున్నాయి. టాంగో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ సింక్రోట్రాన్‌లో పుట్టింది. స్పెయిన్‌లోని ఆల్బా, స్వీడన్‌లోని మ్యాక్స్ ఫోర్, ఎస్‌కేఏ రేడియో టెలిస్కోపు దాన్ని ఎంచుకున్నాయి.

రెండింటికీ ఆలోచనలోనే తేడా ఉంది. టాంగోలో మూలవస్తువు పరికరం. దానికి గుణాలు, ఆదేశాలు ఉంటాయి. పరికరాలన్నిటి చిట్టా ఒక కేంద్ర డేటాబేసులో ఉంటుంది. ఎపిక్స్‌లో మూలవస్తువు పేరున్న ఒక్క విలువ, అంటే ప్రాసెస్ వేరియబుల్. అందరూ పీవీ అనే అంటారు. ఇక్కడ కేంద్ర చిట్టా ఉండదు. ఫలానా పేరు ఎవరి దగ్గరుందని నెట్‌వర్క్‌లో కేకవేస్తే, ఉన్నవారు పలుకుతారు. పైథాన్‌లో వస్తువుల పరంగా ఆలోచించే బృందానికి టాంగో హాయిగా ఉంటుంది. పరికరాల రకాలు ఎక్కువగా ఉండి, ఇతర ప్రయోగశాలలు ఇప్పటికే రాసిపెట్టిన డ్రైవర్లు కావాలనుకుంటే ఎపిక్స్ వైపు మొగ్గండి. మీ చుట్టుపక్కల సాయం చేయగలవారు ఏది వాడుతున్నారో చూసి నిర్ణయించుకున్నా తప్పేమీ లేదు. ఇకపై అంతా ఎపిక్స్ గురించే.

మొదటి అడుగు: పేరు

కోడు రాయకముందే పేర్ల నియమాన్ని కాగితం మీద పెట్టండి. ఎపిక్స్‌లో ఒక పీవీని నిర్వచించే రికార్డు పేరు 60 అక్షరాలు దాటకూడదు. చిన్న అక్షరాలకు, పెద్ద అక్షరాలకు తేడా ఉంటుంది. ఎక్కడ, ఏ వ్యవస్థ, ఏ పరికరం, ఏ కొలత అనే నాలుగు భాగాలు చాలావరకు సరిపోతాయి. మన ఉదాహరణను “వలయం03:నీరు:సెన్సరు01:ఉష్ణోగ్రత” అనుకుందాం (టైపు చేసేది ఇదీ రోమన్ లిపిలోనే).

పరికరం తయారీదారు పేరును, దాని మోడల్ నంబరును, సర్వర్ పేరును పీవీ పేరులో ఎప్పుడూ చేర్చకండి. అయిదేళ్లకు పరికరం మారుతుంది, సర్వర్ మారుతుంది, పేరు మాత్రం తెరల్లో, స్క్రిప్టుల్లో, ఆర్కైవులో పాతుకుపోయి ఉంటుంది. 01, 02 అని సున్నాతో మొదలుపెట్టడం చిన్న విషయమే అయినా, పన్నెండో సెన్సరు వచ్చాక వరుసక్రమం చెడిపోకుండా కాపాడుతుంది.

రెండో అడుగు: ఉత్తుత్తి ఉష్ణోగ్రత

లినక్స్ యంత్రం మీద సీ++ కంపైలరు, మేక్, పెర్ల్ ఉంటే చాలు. ఎపిక్స్ బేస్ ఏడో తరం మూలకోడును గిట్ ద్వారా దించుకోండి. దించేటప్పుడు ఉపమాడ్యూళ్లను కూడా తెచ్చే రికర్సివ్ ఎంపికను మరవకండి. అది లేకపోతే కొన్ని డైరెక్టరీలు ఖాళీగా వచ్చి, మేక్ అర్థంకాని దోషాలతో ఆగిపోతుంది. మేక్ పూర్తయ్యాక బిన్ డైరెక్టరీలో మీ యంత్రం రకం పేరుతో ఒక ఉపడైరెక్టరీ ఉంటుంది. దాన్ని పాత్‌లో చేర్చుకోండి.

ఇప్పుడు ఒక చిన్న టెక్స్ట్ ఫైలు తెరిచి అందులో ఒకే రికార్డు రాయండి. రకం కాల్క్, అంటే లెక్కకట్టే రికార్డు. పేరు మనం పెట్టుకున్నదే. వంకీ బ్రాకెట్లలో నాలుగు ఫీల్డులు: స్కాన్ ఫీల్డులో 1 సెకను, కాల్క్ ఫీల్డులో 24 ప్లస్ ఆర్‌ఎన్‌డీఎమ్, ఈజీయూ (యూనిట్లు) ఫీల్డులో డిగ్రీల సెల్సియస్, ప్రెక్ (దశాంశ స్థానాలు) ఫీల్డులో 2. ఆర్‌ఎన్‌డీఎమ్ అంటే సున్నాకు, ఒకటికి మధ్య ఏదో ఒక సంఖ్య. కాబట్టి సెకనుకొకసారి 24, 25ల మధ్య ఒక విలువ పుడుతుంది. ఈ ఫైలును డీ ఎంపికతో సాఫ్ట్‌ఐఓసీ అనే ప్రోగ్రాముకు ఇవ్వండి. అంతే, మీ మొదటి ఐఓసీ నడుస్తోంది. దాని ప్రాంప్టు దగ్గర డీబీఎల్ అని కొడితే రికార్డుల పేర్లు వస్తాయి.

ఐఓసీ (ఇన్‌పుట్ అవుట్‌పుట్ కంట్రోలర్) అంటే రికార్డులను నడిపించే ప్రోగ్రాము, వాటికి యజమాని. రికార్డు అంటే విలువతో పాటు కాలముద్ర, అలారం తీవ్రత, హద్దులు, యూనిట్లు అన్నీ కలిసిన చిన్న యంత్రం. ప్రోగ్రామింగ్ నేపథ్యం నుంచి వచ్చినవారు దీన్ని ఒక వేరియబుల్ అనుకుని, తెలివితేటలన్నీ బయట పైథాన్‌లో రాసుకుంటారు. ఆ స్క్రిప్టు ఆగిన రాత్రి తెలివి కూడా ఆగిపోతుంది. రికార్డు చేయగల పనిని రికార్డుకే వదిలేయండి.

మూడో అడుగు: పక్క యంత్రం నుంచి చూడటం

మరో టెర్మినల్‌లో సీఏగెట్ తరువాత పీవీ పేరు ఇస్తే విలువ ఒకసారి వస్తుంది. సీఏమానిటర్ ఇస్తే మారినప్పుడల్లా వస్తుంది. ఇప్పుడు అదే పనిని నెట్‌వర్క్‌లోని వేరే కంప్యూటర్ నుంచి చేయండి. సాధారణంగా ఇబ్బందులు మొదలయ్యేది ఇక్కడే కాబట్టి లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవడం అవసరం.

చానల్ యాక్సెస్ (సీఏ) అనేది ఎపిక్స్ మాట్లాడే ప్రోటోకాల్. దాని క్లయింటు, అంటే విలువ అడిగే ప్రోగ్రాము, ముందుగా యూడీపీ 5064 పోర్టుకు బ్రాడ్‌కాస్ట్ చేసి ఈ పేరు ఎవరిదని అడుగుతుంది. యజమాని ఐఓసీ జవాబిస్తుంది. అప్పుడు టీసీపీ అనుసంధానం ఏర్పడి, విలువ మారినప్పుడు మాత్రమే డేటా వస్తుంది. ఐఓసీ బతికే ఉందని చెప్పే సంకేతాలు 5065 మీద వెళ్తుంటాయి. ఏడో తరంలో బేస్‌లో కలిసిన పీవీ యాక్సెస్ ప్రోటోకాల్ వెతకడానికి 5076, డేటాకు 5075 వాడుతుంది. సాఫ్ట్‌ఐఓసీపీవీఏ నడిపితే అవే రికార్డులు రెండు ప్రోటోకాళ్లలోనూ దొరుకుతాయి.

పేరు దొరకలేదంటే ఈ వరుసలో చూడండి. ఫైర్‌వాల్ ఆ పోర్టులను మూసిందా? క్లయింటు వేరే సబ్‌నెట్‌లో (నెట్‌వర్క్‌లోని మరో విభాగంలో) ఉందా? రౌటర్లు బ్రాడ్‌కాస్ట్‌ను దాటనివ్వవు కాబట్టి, అలాంటప్పుడు ఎపిక్స్ సీఏ అడ్రస్ లిస్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో చిరునామా ఇవ్వాలి. కంటైనర్‌లో నడుపుతుంటే, కంటైనర్ అంతర్గత నెట్‌వర్క్ కూడా వేరే సబ్‌నెట్ లాంటిదే. హోస్ట్ నెట్‌వర్క్ వాడటం సులువు.

ఒకే కంప్యూటర్ మీద రెండు ఐఓసీలు నడిపేవారికి ఇంకో గుంత ఉంది. రెండూ యూడీపీ 5064 మీదే వింటాయి. బ్రాడ్‌కాస్ట్ చేస్తే రెండింటికీ చేరుతుంది. అడ్రస్ లిస్ట్‌లో ఆ కంప్యూటర్ చిరునామానే నేరుగా ఇస్తే ఆపరేటింగ్ సిస్టమ్ ఆ ప్యాకెట్‌ను ఏదో ఒకదానికే ఇస్తుంది. రెండో ఐఓసీ పీవీలు పక్క గది నుంచి కనిపిస్తాయి, పక్క భవనం నుంచి కనిపించవు. దీని మీద నేను ఒక రోజంతా పోగొట్టుకున్నాను. జాబితాలో ఆ సబ్‌నెట్ బ్రాడ్‌కాస్ట్ చిరునామా ఇవ్వడమో (రౌటరు దాన్ని దాటనిచ్చేటట్టు అమర్చి ఉంటే), మధ్యలో గేట్‌వే, అంటే పీవీలను అటూ ఇటూ అందించే ప్రోగ్రాము, పెట్టడమో చేస్తే తీరిపోతుంది.

పరీక్ష కోసం రాసిన ఐఓసీని ఆపకుండా మరిచిపోతే ఒకే పేరుకు ఇద్దరు యజమానులు తయారవుతారు. ముందు పలికినవారికే క్లయింటు అతుక్కుంటుంది. ఒకే పేరు రెండు సర్వర్ల మీద ఉందని టెర్మినల్‌లో హెచ్చరిక వస్తుంది. దాన్ని చూసీ చూడనట్టు వదిలేయకండి.

నాలుగో అడుగు: నిజమైన సెన్సరు

ఇప్పుడు ఉత్తుత్తి రికార్డు స్థానంలో అసలుది పెట్టాలి. ఈథర్‌నెట్ మీదో, సీరియల్ తీగ మీదో అక్షరాల రూపంలో మాట్లాడే పరికరమైతే ఏసిన్, స్ట్రీమ్‌డివైస్ అనే రెండు మాడ్యూళ్లు చాలు. సీ కోడు ఒక్క వరుస కూడా రాయక్కర్లేదు. కెమెరాలకు ఏరియాడిటెక్టర్, మోటార్లకు మోటార్ మాడ్యూల్ ఉన్నాయి. మీ పరికరానికి ఎవరైనా ఇప్పటికే డ్రైవరు రాశారేమో ముందు వెతకండి. చాలాసార్లు రాసే ఉంటారు.

సాఫ్ట్‌ఐఓసీలో ఈ మాడ్యూళ్లు ఉండవు. మేక్‌బేస్‌యాప్ అనే పెర్ల్ స్క్రిప్టుతో సొంత ఐఓసీ అస్థిపంజరం తయారుచేసుకుని, ఈ రెండింటినీ జతచేసి కంపైల్ చేయాలి.

ప్రోటోకాల్ ఫైలు రాయకముందు టెల్నెట్‌తోనో, సీరియల్ టెర్మినల్‌తోనో పరికరంతో చేత్తో మాట్లాడి చూడండి. మాన్యువల్‌లో రాసినదానికి, పరికరం నిజంగా పలికేదానికి తరచూ పొంతన ఉండదు. ముఖ్యంగా జవాబు చివర వచ్చే కనిపించని అక్షరాలు: క్యారేజ్ రిటర్నా, లైన్ ఫీడా, రెండూనా? స్ట్రీమ్‌డివైస్‌లో దీన్నే టెర్మినేటర్ అంటారు. ఇది తప్పయితే పరికరం సరిగ్గానే జవాబిచ్చినా మాట పూర్తయిందని ఐఓసీకి తెలియదు. లాగులో టైమవుట్ అని పడుతుంటుంది, మీరేమో తీగను అనుమానిస్తూ కూర్చుంటారు.

రికార్డు రకాన్ని ఏఐకి (అనలాగ్ ఇన్‌పుట్) మార్చండి, డీటైప్ ఫీల్డులో స్ట్రీమ్ అని, ఇన్‌ప్ ఫీల్డులో ప్రోటోకాల్ ఫైలు పేరు, అందులోని ఆదేశం పేరు, పోర్టు పేరు ఇవ్వండి. పేరు మాత్రం పాతదే. కాబట్టి అటువైపు తెర తెరిచి కూర్చున్నవారికి వెనక ఉన్నది కాల్క్ రికార్డో, అసలు సెన్సరో తేడా తెలియదు.

అయిదో అడుగు: అబద్ధాన్ని పట్టుకోవడం

నీళ్లు 30 డిగ్రీలు దాటితే హెచ్చరిక, 35 దాటితే పెద్ద అలారం కావాలనుకుందాం. హై ఫీల్డులో 30, హైహై ఫీల్డులో 35 పెట్టి పని అయిపోయిందనుకుంటారు. కాలేదు. హద్దు దాటితే తీవ్రత ఎంత ఉండాలో చెప్పే హెచ్‌ఎస్‌వీ, హెచ్‌హెచ్‌ఎస్‌వీ ఫీల్డులు వేరే ఉన్నాయి. వాటి డిఫాల్ట్ విలువ “అలారం లేదు”. హద్దులు పెట్టి తీవ్రత పెట్టకపోతే నీళ్లు మరిగినా రికార్డు నోరు విప్పదు. మొదటిదానికి మైనర్, రెండోదానికి మేజర్ ఇవ్వండి. విలువ 30 దగ్గరే ఊగిసలాడుతుంటే అలారం మోగుతూ ఆగుతూ ప్రాణం తీస్తుంది. హిస్ట్ ఫీల్డులో 0.5 ఇస్తే కుదురుకుంటుంది.

మేజర్ కంటే పై మెట్టు ఒకటుంది: ఇన్‌వ్యాలిడ్. విలువ ఎక్కువనో తక్కువనో కాదు, అసలు నమ్మవద్దని దాని అర్థం. పరికరం జవాబివ్వకపోతే స్ట్రీమ్‌డివైస్ రికార్డును తానే ఇన్‌వ్యాలిడ్ చేస్తుంది. అంకె ఉండాల్సిన చోట వేరే అక్షరాలొచ్చినా అంతే. ఒక్కసారి కూడా ప్రాసెస్ కాని (నడవని) రికార్డు కూడా పుట్టుకతోనే ఇన్‌వ్యాలిడ్.

అయితే మొదట్లో చెప్పుకున్న ఊడిన తీగ ఈ వలలో పడకపోవచ్చు. సెన్సరు తీగ తెగినా, దాన్ని చదివే పరికరం బతికే ఉంటుంది, అడిగిన ప్రతిసారీ మర్యాదగా ఏదో ఒక అంకె చెబుతుంది. కొన్ని అసాధ్యమైన పెద్ద సంఖ్య ఇస్తాయి, కొన్ని చివరిగా చదివిన విలువనే అప్పజెబుతూ పోతాయి. సెన్సరు స్థితిని చెప్పే ఆదేశం పరికరంలో ఉంటే దాన్ని రెండో రికార్డుగా చదివి, దాని తీవ్రత ఉష్ణోగ్రతకు సంక్రమించేటట్టు లింకులో ఎంఎస్ అనే గుర్తు చేర్చండి. అలాంటి ఆదేశం లేదా? తీగ పీకి పరికరం ఏమంటుందో స్వయంగా చూసి, దానికి తగ్గ పరీక్ష రాయండి.

కాలముద్ర సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ముద్ర వేసేది తెర కాదు, ఐఓసీ. అన్ని కంప్యూటర్ల గడియారాలు ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ ద్వారా సమయం సరిచేసే ప్రోటోకాల్‌తో) కలిసి నడవాలి. ఎపిక్స్ కాలం 1990 జనవరి 1 నుంచి లెక్క మొదలుపెడుతుంది. ఎక్కడైనా ఆ తేదీ కనిపించిందంటే ఆ రికార్డు ఇంకా ఒక్కసారీ ప్రాసెస్ కాలేదని అనుమానించండి.

ఆరో అడుగు: రాయడం

చదవడంలో తప్పు చేస్తే అబద్ధం కనిపిస్తుంది. రాయడంలో తప్పు చేస్తే యంత్రం కదులుతుంది. అదే నీటి వ్యవస్థలో ఉష్ణోగ్రత లక్ష్యాన్ని అమర్చే ఏఓ (అనలాగ్ అవుట్‌పుట్) రికార్డు ఒకటి కలపండి. డీఆర్‌వీఎల్, డీఆర్‌వీహెచ్ ఫీల్డుల్లో 20, 28 అని పెడితే ఎవరు 280 అని కొట్టినా విలువ 28 దగ్గరే ఆగుతుంది.

ఐఓసీ తిరిగి మొదలైనప్పుడు ఏం జరుగుతుంది? ఏఓ రికార్డు సున్నాతో లేచి, ప్రారంభంలోనే ప్రాసెస్ అయ్యేటట్టు పినీ ఫీల్డు పెట్టి ఉంటే, నిక్షేపంగా నడుస్తున్న పరికరానికి హద్దుల్లోకి తెచ్చిన కనిష్ఠ విలువను పంపేస్తుంది. ఐఓసీని రీస్టార్ట్ చేయడం వల్ల యంత్రం ఉలిక్కిపడకూడదు. దీనికి స్ట్రీమ్‌డివైస్ ప్రోటోకాల్‌లో ఇనిట్ అనే భాగం ఉంది. లేచీ లేవగానే పరికరంలో ఉన్న అమరికను చదివి రికార్డులో నింపుతుంది. పరికరానికే జ్ఞాపకశక్తి లేకపోతే ఆటోసేవ్ మాడ్యూల్ వాడి ఫైలు నుంచి తెచ్చుకోండి. ఏ రికార్డుకు ఏది నిజమో, పరికరమా ఫైలా, ముందే నిర్ణయించుకోండి. రెండింటినీ కలిపితే ఎవరు గెలుస్తారో చెప్పలేం.

ఏడో అడుగు: మీరు లేనప్పుడూ నడవడం

టెర్మినల్‌లో నడిచే ఐఓసీ మీరు లాగవుట్ అయితే పోతుంది. ప్రాక్‌సెర్వ్ అనే చిన్న ప్రోగ్రాము దాన్ని వెనక నడిపిస్తుంది, పడిపోతే లేపుతుంది, కన్సోల్‌ను టెల్నెట్ ద్వారా అందుబాటులో ఉంచుతుంది. దాన్ని లినక్స్‌లో సేవలను నడిపే సిస్టమ్‌డీ కింద సేవగా పెట్టండి. రికార్డులు, ప్రోటోకాల్ ఫైలు, ప్రారంభ స్క్రిప్టు అన్నీ గిట్‌లో ఉండాలి. ఉత్పత్తి యంత్రం మీద నేరుగా ఫైలు దిద్దడం ఒక్కసారి అలవాటైతే మానిపించడం కష్టం.

ఎనిమిదో అడుగు: ఆర్కైవు

అమెరికాలోని స్లాక్ ప్రయోగశాలలో తయారైన ఆర్కైవర్ అప్లయన్స్ ఇప్పుడు చాలా చోట్ల వాడుకలో ఉంది. డేటాను స్వల్పకాల, మధ్యకాల, దీర్ఘకాల నిల్వలుగా మూడు దశల్లో దాస్తుంది. తాజాది వేగమైన డిస్కులో, పాతది చౌకైన పెద్ద డిస్కులో ఉంటుందన్నమాట.

అమర్చేముందు ఒక లెక్క వేయండి. సెకనుకు 10 సార్లు మారే ఒక పీవీ రోజుకు 8,64,000 నమూనాలిస్తుంది. అలాంటివి వెయ్యి ఉంటే రోజుకు 86 కోట్లు దాటుతాయి. నీటి ఉష్ణోగ్రత సెకనుకు పదిసార్లు మారదు. మారేది చివరి దశాంశ స్థానంలోని రొద. ఎండెల్, ఏడెల్ అనే ఫీల్డులు ఇందుకే ఉన్నాయి. ఎండెల్ తెరలకు, ఏడెల్ ఆర్కైవుకు పంపాల్సినంత కనీస మార్పు. రెండూ డిఫాల్ట్‌గా సున్నా, అంటే ఎంత చిన్న మార్పయినా పంపు అని. సెన్సరు కచ్చితత్వం 0.1 డిగ్రీ అయితే ఏడెల్ 0.05 చాలు. ఎనిమిది అంకెల దశాంశాలను ఏళ్ల తరబడి దాచుకునే ప్రయోగశాలలు ఉన్నాయి. డిస్కులు అమ్మేవారికి తప్ప వాటివల్ల ఎవరికీ లాభం లేదు.

తొమ్మిదో అడుగు: తెరలు, అలారాలు

తెరలు గీయడానికి ఫీబస్ అనే ప్రోగ్రాము వాడండి. ఒక తెర గీసి, పేరులోని మారే భాగాన్ని మాక్రోగా ఇస్తే అన్ని సెన్సర్లకూ అదే పనిచేస్తుంది. మొదటి అడుగులో పేర్లకు పడ్డ శ్రమ ఇక్కడ అక్కరకొస్తుంది. విడ్జెట్ చుట్టూ తీవ్రతను బట్టి రంగు మారే అంచును అందం కోసం తీసేయకండి. తీసేసిన పీవీల పేర్లు పాత తెరల్లో మిగిలిపోతే అవి యజమాని లేని పేర్లకోసం నెట్‌వర్క్‌లో కేకలేస్తూనే ఉంటాయి. ఏడాదికోసారి ఏరివేయండి. ఫీబస్ అలారం సర్వర్ కాఫ్కా అనే సందేశాల వ్యవస్థ మీద నడుస్తుంది. అందులో చేర్చే ప్రతి అలారానికీ, మోగితే ఆపరేటరు ఏం చేయాలో ఒక్క వాక్యమైనా రాయండి. ఆ వాక్యం తట్టకపోతే దాన్ని జాబితాలో చేర్చకండి.

పదో అడుగు: గోడలు

చానల్ యాక్సెస్ రక్షణ నియమాలు వాడుకరి పేరును, కంప్యూటర్ పేరును చూసి రాయనిస్తాయి లేదా ఆపుతాయి. కానీ ఆ పేర్లు క్లయింటు తానుగా చెప్పుకునేవి. పొరపాటున ఎవరో మీట నొక్కడాన్ని ఆపడానికి ఇవి పనికొస్తాయి, చొరబాటుదారును ఆపడానికి కాదు. నియంత్రణ నెట్‌వర్క్‌ను వేరుగా ఉంచి, కార్యాలయం వైపుకు చదవడానికి మాత్రమే అనుమతిచ్చే గేట్‌వే పెట్టండి.

మనుషుల ప్రాణరక్షణ, యంత్ర రక్షణ ఎపిక్స్ పని కాదు. రేడియేషన్ ఉన్న సొరంగం తలుపు, నీళ్లు ఆగితే అయస్కాంతానికి కరెంటు తీసేసే స్విచ్చు పీఎల్‌సీలతో (పారిశ్రామిక నియంత్రణ కంప్యూటర్లతో), నేరు తీగలతో, ఈ నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా పనిచేయాలి. ఎపిక్స్ వాటి స్థితిని చూపించవచ్చు, అంతవరకే. మైక్రోసెకన్లలో స్పందించాల్సినవి కూడా ఇక్కడికి రాకూడదు. వాటి చోటు ఎఫ్‌పీజీఏలలో, అంటే లోపలి సర్క్యూట్‌ను మనమే అమర్చుకునే చిప్పుల్లో.

ఇప్పుడు తీగ పీకండి

తోటివారిలో ఒకరిని తెర ముందు కూర్చోబెట్టి, మీరు యంత్రం దగ్గరకు వెళ్లండి. ముందు సెన్సరు తీగ ఊడదీయండి: తెర మీద అంచు రంగు మారాలి, ఆర్కైవులో ఆ సమయానికి ఇన్‌వ్యాలిడ్ అని పడాలి. తిరిగి పెట్టి, పరికరం ఈథర్‌నెట్ తీగ లాగండి: టైమవుట్‌తో ఇన్‌వ్యాలిడ్ కావాలి, తీగ పెట్టగానే ఎవరూ ఏమీ చేయకుండా తేరుకోవాలి. తరువాత ఐఓసీని ఆపండి: తెర వెంటనే సంబంధం తెగిందని చూపాలి, తిరిగి మొదలుపెట్టినప్పుడు ఉష్ణోగ్రత లక్ష్యం కదలకూడదు. చివరగా ఐఓసీ కంప్యూటర్ నెట్‌వర్క్ తీగ లాగండి. ఈసారి తెర వెంటనే మారదు. క్లయింటు డిఫాల్ట్‌గా 30 సెకన్ల పాటు సంకేతాల కోసం ఎదురుచూస్తుంది. అంతసేపూ పాత అంకె పచ్చగానే ఉంటుంది. అది మీ యంత్రానికి ఎక్కువ అనిపిస్తే ఎపిక్స్ సీఏ కనెక్షన్ టైమవుట్ వేరియబుల్‌ను తగ్గించి, అదే తీగను మళ్లీ లాగి చూడండి.

నాలుగూ నెగ్గితే ఆ రికార్డును టెంప్లేటు చేసి, రెండో సెన్సరు పేరు రాసుకోండి.